రంగు వజ్రాలు

వజ్రమంటే కర్బనం. పరమాణువుల అమరికలో ఏ లోపమూ లేకపోతే దానికి రంగే ఉండదు. ఆ అమరికలో వేరే మూలకం చొరబడితేనో, అమరికే చెదిరితేనో వజ్రం కొంత కాంతిని పీల్చుకుంటుంది. మిగిలిన కాంతే మన కంటికి రంగుగా కనిపిస్తుంది.

పసుపు రంగుకు కారణం నైట్రోజన్. రంగు వజ్రాల్లో పసుపువి కాస్త ఎక్కువగానే దొరుకుతాయి. ఆకుపచ్చ రంగు చుట్టుపక్కల రాళ్లలోని రేడియోధార్మికత వల్ల వస్తుంది. సాధారణంగా అది పైపొరను దాటి లోపలికి పోదు. అందుకే లోపలిదాకా పచ్చగా ఉన్న 41 క్యారెట్ల డ్రెస్డెన్ గ్రీన్ అంత అపురూపం. భూగర్భంలో విపరీతమైన ఒత్తిడికి స్ఫటికం వంగినప్పుడు గులాబి రంగు ఏర్పడుతుంది. ఈ రకానికి పెట్టింది పేరైన ఆస్ట్రేలియాలోని ఆర్గైల్ గని 2020లో మూతపడింది.

అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది నీలం. బోరాన్ పది లక్షల పరమాణువులకు ఒకటి కూడా లేకపోయినా వజ్రం నీలంగా మారుతుంది, పైగా విద్యుత్తును ప్రసరింపజేస్తుంది. ఈ జాతి వజ్రాలు కొన్ని 660 కిలోమీటర్ల కన్నా లోతున పుట్టాయని 2018లో వెలువడిన పరిశోధన తేల్చింది.

నీలి వజ్రాల్లో ప్రసిద్ధమైన హోప్ వజ్రం మన తెలుగు నేలదే. కృష్ణా తీరాన, గోల్కొండ సుల్తానుల ఏలుబడిలోని కొల్లూరు గనిలో దొరికిందని పండితుల అభిప్రాయం. ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే సుమారు 115 క్యారెట్ల ఆ రాయిని 1668లో పద్నాలుగో లూయీకి అమ్మాడు. రాజు 1673లో దాన్ని కొత్తగా సానబట్టించాడు. ఫ్రెంచి విప్లవకాలంలో, 1792లో, అది దొంగల పాలైంది. మళ్లీ 1839లో లండన్‌లో హెన్రీ ఫిలిప్ హోప్ సేకరణలో 45.52 క్యారెట్ల రాయి కనిపించింది. రెండూ ఒకటేనన్న వాదనకు 2007లో పారిస్ మ్యూజియంలో బయటపడిన, చోరీకి గురైన రాజు వజ్రపు సీసపు నమూనా గట్టి బలం చేకూర్చింది. అతినీలలోహిత కాంతి పడ్డాక ఈ నీలి రాయి చీకట్లో కాసేపు ఎర్రగా వెలుగుతుంది. ఈ వజ్రానికి శాపం ఉందన్న కథలకు మాత్రం ఆధారం లేదు. వాటిని పెంచి పోషించింది పత్రికలూ వర్తకులే.

గోల్కొండ రాజ్యపు గనుల్లోదేనని చెప్పే గులాబి వజ్రం దరియా-ఇ-నూర్ టెహ్రాన్ ఖజానాలో ఉంది. హోప్ వజ్రాన్ని నగల వర్తకుడు హ్యారీ విన్‌స్టన్ 1958లో వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థకు విరాళమిచ్చాడు. కొల్లూరు ప్రాంతం పులిచింతల జలాశయంలో మునిగిపోయింది.