ఆన్‌లైన్ విద్యపై విశ్వవిద్యాలయ విద్యార్థుల సంతృప్తి (హైదరాబాదు)

ఆన్‌లైన్ విద్యపై విద్యార్థుల సంతృప్తి అనగా అంతర్జాలం ద్వారా జరిగే బోధన తమ అవసరాలను, ఆశలను ఎంతవరకు తీర్చిందని విద్యార్థులు భావిస్తున్నారో తెలిపే కొలమానం. విద్యాశాస్త్రంలో ఇది ఒక పరిశోధనాంశం. హైదరాబాదు నగరానికి పడమర దిక్కున మాదాపూర్, హైటెక్ సిటీ, గచ్చిబౌలి ప్రాంతాలలో సాఫ్ట్‌వేర్ సంస్థలకు దగ్గరలోనే పలు విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. ఒకే ఆన్‌లైన్ పాఠం ఒకరికి సౌకర్యంగానూ మరొకరికి అందని ద్రాక్షగానూ మారడం ఇక్కడ స్పష్టంగా కనిపించింది. గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయం 2020లో తన విద్యార్థులలో జరిపిన సర్వే ఈ విషయంపై తెలుగునాట తరచుగా ఉదహరింపబడే ఆధారాలలో ఒకటి.

నేపథ్యం

ఈ ప్రాంతంలో చదువులు సాఫ్ట్‌వేర్ కంటే ముందే వచ్చాయి. హైదరాబాదు విశ్వవిద్యాలయం 1974లో కేంద్రీయ విశ్వవిద్యాలయంగా ఏర్పడి, తరువాత గచ్చిబౌలిలోని విశాలమైన ప్రాంగణానికి తరలింది. హైటెక్ సిటీలోని సైబర్ టవర్స్ భవనాన్ని అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి 1998 నవంబరులో ప్రారంభించారు. అదే సంవత్సరంలో అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థ (ట్రిపుల్ ఐటీ), మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం స్థాపించబడ్డాయి. ఈ రెండూ గచ్చిబౌలిలోనే ఉన్నాయి.

తరగతి గదికి రాకుండా చదవడం కూడా ఇక్కడివారికి కొత్త కాదు. భారతదేశపు మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పేరుతో హైదరాబాదులో మొదలైంది. ఆచార్య జి. రాంరెడ్డి దాని మొదటి ఉపకులపతి. 1991లో దీనికి డా. బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. దీని ప్రధాన ప్రాంగణం జూబ్లీ హిల్స్‌లో, దుర్గం చెరువుకు సమీపంలో ఉంది. అచ్చు పాఠాలు, రేడియో పాఠాలు, ఊరికి దగ్గరలోని అధ్యయన కేంద్రంలో సెలవురోజు తరగతులు - ఇవి ఈ పద్ధతికి ఆధారం. పుస్తకానికి సిగ్నల్ అక్కరలేదన్న సంగతి 2020లో చాలామందికి మళ్ళీ గుర్తుకు వచ్చింది.

సంతృప్తి - సిద్ధాంతాలు

వినియోగదారుల ప్రవర్తనను పరిశీలించిన రిచర్డ్ ఆలివర్ 1980లో ఒక వివరణ ఇచ్చాడు. దాని ప్రకారం సంతృప్తి అనేది సేవ నాణ్యతను బట్టి మాత్రమే ఏర్పడదు. ముందుగా పెట్టుకున్న ఆశకు, తరువాత కలిగిన అనుభవానికి మధ్య తేడాను బట్టి ఏర్పడుతుంది. దూరవిద్యా పరిశోధకుడు మైఖేల్ మూర్ 1989లో విద్యార్థికి మూడు రకాల సంబంధాలు అవసరమని చెప్పాడు: పాఠంతో, అధ్యాపకునితో, తోటి విద్యార్థులతో. ఆన్‌లైన్ తరగతిలో మొదటిది సులభంగా కుదురుతుంది. రెండవది కొంత తగ్గుతుంది. మూడవది దాదాపు మాయమౌతుంది.

భారతదేశంలో నాక్ సంస్థ 2017లో ప్రవేశపెట్టిన మూల్యాంకన విధానంలో విద్యార్థి సంతృప్తి సర్వే ఒక భాగమైంది. సుమారు ఇరవై ప్రశ్నలున్న పత్రాన్ని విద్యార్థుల ఈ-మెయిలుకు పంపి సమాధానాలు తీసుకునేవారు. అంతవరకు అధ్యాపకుల సంఖ్య, భవనాలు, పరిశోధనా పత్రాలు లెక్కించే చోట విద్యార్థి మాటకు కూడా కొంత విలువ రావడం మంచి పరిణామమే.

హైదరాబాదు విశ్వవిద్యాలయం సర్వే (2020)

కోవిడ్-19 వ్యాప్తి కారణంగా 2020 మార్చి చివరిలో దేశమంతటా లాక్‌డౌన్ విధించారు. విశ్వవిద్యాలయాల వసతిగృహాల నుండి విద్యార్థులు చాలావరకు స్వగ్రామాలకు వెళ్ళిపోయారు. ఏప్రిల్ 29న విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) విడుదల చేసిన మార్గదర్శకాలలో, సుమారు 25 శాతం పాఠ్యాంశాలను ఆన్‌లైన్‌లో బోధించడానికి విశ్వవిద్యాలయాలు సిద్ధపడాలని సూచించింది.

ఈ పరిస్థితిలో హైదరాబాదు విశ్వవిద్యాలయం తన విద్యార్థులను నేరుగా అడిగింది. సుమారు 2,500 మంది సమాధానం ఇచ్చారు. వారిలో దాదాపు 90 శాతం మందికి మొబైల్ ఫోను ఉంది. లాప్‌టాప్ అందుబాటులో ఉన్నవారు సుమారు సగం మంది. అయితే ఆన్‌లైన్ తరగతులకు హాజరు కాగలమని చెప్పినవారు 37 శాతం మాత్రమే. 45 శాతం మందికి అంతర్జాలం అప్పుడప్పుడు మాత్రమే అందేది, 18 శాతం మందికి అసలే అందేది కాదు. ఇబ్బందులలో నిలకడలేని సిగ్నల్‌ను 40 శాతం మంది, డేటా ఖర్చును 30 శాతం మంది పేర్కొన్నారు. కరెంటు ఎప్పుడు ఉంటుందో తెలియదన్నవారు 10 శాతం.

ఈ అంకెలలో గమనించదగినది 90కి, 37కి మధ్య ఉన్న దూరం. చేతిలో ఫోను ఉండటం, తరగతికి హాజరు కావడం వేర్వేరు విషయాలు. గంటసేపు వీడియో తరగతి చూస్తే కొన్ని వందల మెగాబైట్ల డేటా ఖర్చవుతుంది. చిత్ర నాణ్యత పెరిగితే ఒక గిగాబైటుకు చేరుతుంది. ఆ రోజులలో ఎక్కువగా వాడుకలో ఉన్న ప్రీపెయిడ్ పథకాలు రోజుకు 1.5 లేదా 2 గిగాబైట్లు ఇచ్చేవి. అంటే మూడు నాలుగు తరగతులతో ఆ రోజు కోటా పూర్తయ్యేది. ఇంట్లో తమ్ముడో చెల్లెలో బడి పాఠాలకు అదే ఫోను వాడుతుంటే అది కూడా మిగలదు. సిగ్నల్ కోసం డాబా ఎక్కి, చెట్టు క్రింద కూర్చుని పాఠం విన్న విద్యార్థుల ఫోటోలు అప్పటి పత్రికలలో తరచుగా వచ్చాయి.

జాతీయ నమూనా సర్వే 75వ విడత (2017-18) లెక్కలు కూడా ఇదే చెప్పాయి. దేశంలోని గ్రామీణ కుటుంబాలలో కంప్యూటరు ఉన్నవి 4.4 శాతం, అంతర్జాల సదుపాయం ఉన్నవి 14.9 శాతం. పట్టణాలలో ఇవి వరుసగా 23.4, 42 శాతం. పల్లె నుండి వచ్చి గచ్చిబౌలిలో చదివే విద్యార్థికి వసతిగృహం, గ్రంథాలయం, ప్రాంగణంలోని వై-ఫై ఈ తేడాను కప్పిపుచ్చుతాయి. ఊరికి వెళ్ళగానే అది బయటపడింది.

సర్వే తరువాత విశ్వవిద్యాలయం అవసరమైన విద్యార్థులకు డేటా ఖర్చు నిమిత్తం డిజిటల్ యాక్సెస్ గ్రాంటు ఇచ్చింది. ఇది మెచ్చదగినదే కానీ, టవరు లేని ఊరిలో డేటా డబ్బు వల్ల ప్రయోజనం తక్కువ. అటువంటి చోట ప్రత్యక్ష వీడియో కంటే, వీలైనప్పుడు దించుకోగల ధ్వని పాఠాలు, నోట్సు ఎక్కువ ఉపయోగపడతాయి. గంట ధ్వని పాఠాన్ని కొద్ది పదుల మెగాబైట్లలో పంపవచ్చు.

ఉద్యోగం చేస్తూ చదివేవారు

అదే గచ్చిబౌలి రోడ్ల మీద మరో రకం విద్యార్థులు కూడా ఉన్నారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు పనిచేస్తూనే పట్టా పొందే కార్యక్రమాలు చాలాకాలంగా ఉన్నాయి. బిట్స్ పిలానీ 1979 నుండి ఉద్యోగులకు ఇటువంటి కోర్సులు నడుపుతోంది. ఐఐటీల పాఠాలను అందరికీ అందించే ఎన్‌పీటీఈఎల్ 2003లోనూ, కేంద్ర ప్రభుత్వ స్వయం వేదిక 2017లోనూ ప్రారంభమయ్యాయి.

వీరి స్థితి పూర్తిగా వేరు. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్, స్వంత లాప్‌టాప్, నెల జీతం ఉంటాయి. సాయంత్రపు ట్రాఫిక్ తప్పించుకుని ఇంటినుండే తరగతి వినడం వీరికి లాభమే. పైగా వీరు ఆన్‌లైన్ కోర్సు అని తెలిసే చేరతారు కాబట్టి, ఆలివర్ చెప్పిన ఆశకు, అనుభవానికి మధ్య తేడా తక్కువ. ప్రాంగణ జీవితం ఆశించి ప్రవేశ పరీక్ష వ్రాసి వచ్చిన విద్యార్థిని వీరితో పోల్చి, ఆన్‌లైన్ విద్య బాగుందని గానీ బాగులేదని గానీ తీర్పు చెప్పడం సరికాదు. వీరి లోటు వేరొకటి: శని ఆదివారాలు కూడా తెర ముందే గడపవలసి రావడం.

ప్రయోగశాల పాఠాలు

సామాజిక శాస్త్రాల కంటే విజ్ఞాన శాస్త్రాలలో సమస్య ఎక్కువ. రసాయనశాలలో చేయవలసిన పనిని తెర మీద చూపడం కష్టం. ఇందుకోసం కేంద్ర ప్రభుత్వ సహాయంతో రూపొందిన వర్చువల్ ల్యాబ్స్ పథకంలో హైదరాబాదు ట్రిపుల్ ఐటీ కూడా భాగస్వామి. ఇవి ప్రయోగం వెనుక ఉన్న సూత్రాన్ని అర్థం చేసుకోవడానికి తోడ్పడతాయి. చేతి నైపుణ్యం మాత్రం వీటివల్ల రాదు. సంగీతం, నాట్యం, రంగస్థలం వంటి కోర్సులకు కూడా ఇదే చిక్కు.

కొలతలోని లోపం

సంతృప్తి సర్వేలను ఎక్కువగా ఆన్‌లైన్ పత్రాల ద్వారానే జరుపుతారు. అంతర్జాలం అందని విద్యార్థికి తరగతి అందదు, ప్రశ్నాపత్రం కూడా అందదు. మధ్యలో చదువు మానినవారి పేరు జాబితాలోనే ఉండదు. కాబట్టి ఎనభై శాతం మంది తృప్తి చెందారని ఎవరైనా ప్రకటిస్తే, ఆ శాతం ఎవరిలో అన్నది ముందుగా అడగవలసిన ప్రశ్న. హైదరాబాదు విశ్వవిద్యాలయం సర్వే "మీకు నచ్చిందా" అని కాక "మీరు హాజరు కాగలరా" అని మొదలుపెట్టడం దాని విశేషం. 2021 మేలో యూజీసీ, ఒక్కో కోర్సులో 40 శాతం వరకు ఆన్‌లైన్ బోధన ఉండే మిశ్రమ విధానంపై ముసాయిదా పత్రం విడుదల చేసినప్పుడు దేశంలోని పలు అధ్యాపక, విద్యార్థి సంఘాలు లేవనెత్తిన అభ్యంతరాలలో ఇదే ప్రశ్న ప్రధానమైనది.