చివరి మడి లెక్క

మనిషిని నడిపేది స్వార్థమా, న్యాయమా? ఈ ప్రశ్నకి జవాబు త్రిపురారం వైపు పొలాల్లో వెతకడం నాకిష్టం.

ఇప్పుడది సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు. 1955లో నెహ్రూ శంకుస్థాపన, 1967లో ఇందిరాగాంధీ నీళ్లు వదలడం తెలిసిన కథే. అంతకుముందు తెలంగాణ పల్లెల్లో వరికి చెరువే ఆధారం. చెరువు కింద నీళ్లు పంచేవాడు నీరటి. తూము తెరిచేదీ, మడి మడికీ తడి తిప్పేదీ అతనే. అతనికి నెలజీతం లేదు, పంట వచ్చాక రైతులు కొలిచే గింజలే. చివరి మడి ఎండితే అతని గింజలూ తగ్గుతాయి. అంటే న్యాయానికి కాపలా అతని స్వార్థమే! (దొర పొలానికి ముందు పెట్టమంటే కాదనే ధైర్యం మాత్రం ఎక్కడిది? చాలా ఊళ్లలో నీరటి దళితుడు.)

కాలువ మీద లస్కర్ వచ్చాడు. జీతం సర్కారుది, ఏ మడి ఎండినా తగ్గదు. 1997 చట్టం నీటి సంఘాలు పెట్టి పెత్తనం రైతులకే ఇచ్చింది. కానీ పై రైతూ రైతే కదా.

అన్యాయపు పంపకాన్ని మనిషి ఎంతవరకు ఓర్చుకుంటాడు? 1982లో జర్మనీలో వెర్నర్ గూత్, ఆయన సహచరులు ఒక ఆట ఆడించారు. ఒకరు డబ్బు పంచాలి, రెండోవారు వద్దంటే ఇద్దరికీ సున్నా. మరీ తక్కువ వాటా వస్తే, నష్టమని తెలిసీ వద్దన్నవాళ్లున్నారు. కాలువ చివరి రైతుకి ఆ వీలు కూడా లేదు. తను వద్దన్నా పై మడి పండుతూనే ఉంటుంది.