సమాధి దగ్గర ఆగిపోయిన చరిత్ర

మా నాతవరం వచ్చే మిత్రులు మొట్టమొదట అడిగేది ఒకటే: అల్లూరి సీతారామరాజు సమాధి ఎక్కడ అని. గొలుగొండ మండలంలోని కృష్ణదేవిపేటకు వారిని తీసుకొని వెళుతూ ఉంటాను. ఈ మధ్య కొందరు విద్యార్థులతో మరొకసారి వెళ్ళాను. ఆనాడు జయంతీ కాదు, వర్ధంతీ కాదు. ఉపన్యాసాలు లేవు గనుక ఆలోచించుకొనడానికి వీలు చిక్కింది.

సమాధి ముందు పిల్లలు చెప్పిన కథ మనందరికీ తెలిసినదే. యోగి వచ్చాడు, మన్యం మేలుకొన్నది. యోగి బలి అయ్యాడు, మన్యం మళ్ళీ నిద్రపోయింది. ఈ కథలో రాజు ఉన్నాడు, జనం లేరు. రాజు వీరుడే, అందులో సందేహం లేదు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర అతణ్ణి విచారణ అయినా లేకుండా కాల్చి చంపడమే, ప్రభుత్వం అతనికి ఎంత భయపడిందో చెబుతుంది. కాని ఒక్కడు పిలిచినంత మాత్రాన వందలాది మంది ప్రాణాలకు తెగించి లేస్తారనుకోవడం పురాణమే గాని చరిత్ర కాదు.

గొలుగొండ కొండలు 1840లలోనే తిరగబడ్డాయి. కల్లు మీది పన్నుతో కడుపు మండి 1879లో రంప లేచింది. అప్పటికి రాజు పుట్టనే లేదు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చిన తరువాత తాతల నాటి పోడు నేరమయింది. కట్టె, మేత, అడవి పంట అన్నీ అటవీ ఉద్యోగి దయాధర్మమయ్యాయి. ఆపైన వచ్చి పడింది రోడ్డు.

నర్సీపట్నం నుండి లంబసింగి మీదుగా చింతపల్లికి ఎక్కే దారిని నేడు యాత్రికులు మంచు చూడడానికి ఎక్కుతున్నారు. ఆనాడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్, మన్యం జనం చేత చాలీచాలని కూలికి, వెట్టికి రోడ్ల పని చేయించాడు. గాము గంటందొర వంటి వారికి ఆ అధికారితోనే వైరం. రాజు రగిలించిన నిప్పుకు కట్టెలు ఇక్కడ పేర్చి ఉన్నాయి.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి! మూడు రోజులలో మూడు పోలీసు ఠాణాల నుండి 26 తుపాకులు పోయాయి. దారి తెలిపినదెవరు? అన్నం పెట్టినదెవరు? వేగు తెచ్చినదెవరు? ఆ రోడ్డుకు మట్టి మోసిన వాళ్ళూ, వాళ్ళ ఆడవాళ్ళూ కాక మరెవరు?

ఇంతలో ఒక విద్యార్థి అడిగాడు: “రోడ్డు వేయడం మంచిదే గదా మాస్టారూ?”

ప్రశ్న న్యాయమైనదే. రోడ్డు ప్రగతే. కాని ఎవరి చేత, ఎవరి కోసం అని అడగకుండా ప్రగతి అన్న మాటను మనం వాడరాదు. ఆ రోడ్డు మీద కలప దిగింది, పోలీసు ఎక్కాడు. వేసిన వాడికి దక్కినది కొరడా.

వచ్చేటప్పుడు నర్సీపట్నంలో ఆగాము. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో చనిపోయిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారుల సమాధులు అక్కడ ఉన్నాయి. వాటికి పేరుంది, ఊరుంది. రోడ్డు పనిలో నడుములు విరిగిన వారి పేరు చెక్కిన రాయి ఏ మలుపులోనూ నాకు కనబడలేదు.

ఇది కేవలం గతం కాదు. 2021లో మా నాతవరం మండలంలోని లేటరైట్ తవ్వకాల కోసం అడవిలో వేసిన రోడ్డు మీద తగాదా జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది. గిరిజనులు నివసించే ఈ మండలపు పల్లెలు కొన్ని ఐదవ షెడ్యూలు ప్రాంతంలో చేరలేదు. అందుచేత గిరిజన భూమి పరాధీనం కాకుండా కాపాడే 1970 నాటి ఒకటవ నిబంధన వారికి వర్తించదు. కొండ మీద ఉన్న రక్షణ కొండ కింద లేదు.

2022లో రాజు పేర ఒక జిల్లా వెలిసింది. ఆ ఏడే భీమవరంలో 30 అడుగుల విగ్రహం లేచింది. సంతోషమే. అయితే రాజు అనుచరుడు గాము మల్లుదొర అండమాను చెర అనుభవించి వచ్చి, 1952లో విశాఖపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికయిన సంగతి మా పిల్లలలో ఒక్కరికీ తెలియదు. ఈ తప్పు పిల్లలది కాదు, పాఠం చెప్పిన నాది.

అందుకే విద్యార్థి మిత్రులకు ఒక మనవి. సమాధికి దండ వేయండి, కాని అక్కడ ఆగిపోకండి. కాగితం, కలం పట్టుకొని ఆ దారి వెంట ఉన్న గూడేలకు పొండి. మీ తాత ఏ మలుపు దగ్గర మట్టి మోశాడని ముసలివాళ్ళను అడగండి. చెప్పిన ప్రతి పేరూ రాసుకోండి. ఈ సెలవులలో మేము ఆ పని మొదలు పెడుతున్నాము.