జవగళ్ శ్రీనాథ్

జవగళ్ శ్రీనాథ్ (జననం: 1969 ఆగస్టు 31, మైసూరు) భారత మాజీ ఫాస్ట్ బౌలర్. ఇంజినీరింగ్ చదివిన ఇతడు కర్ణాటక తరఫున రంజీల్లో అడుగుపెట్టిన తొలి మ్యాచ్‌లోనే హైదరాబాద్‌పై హ్యాట్రిక్ తీశాడు. 1991లో వన్డేల్లోను, అదే ఏడాది బ్రిస్బేన్‌లో ఆస్ట్రేలియాపై టెస్టుల్లోను అరంగేట్రం చేశాడు. స్వదేశంలో స్పిన్నర్లదే రాజ్యమైన ఆ రోజుల్లో కపిల్ దేవ్ రిటైరయ్యేదాకా ఎక్కువగా పెవిలియన్‌కే పరిమితమయ్యాడు.

1996లో అహ్మదాబాద్‌లో 21 పరుగులకే 6 వికెట్లు పడగొట్టి దక్షిణాఫ్రికాను కూల్చాడు. మరుసటి ఏడాది భుజం గాయం చాలాకాలం ఆటకు దూరం చేసింది. 1999 ఫిబ్రవరిలో కోల్‌కతాలో పాకిస్తాన్‌పై రెండో ఇన్నింగ్స్‌లో 86 పరుగులకు 8, మొత్తం 13 వికెట్లు తీశాడు. అయినా భారత్ 46 పరుగుల తేడాతో ఓడింది. అంతకు కొద్దిరోజుల ముందే, ఢిల్లీలో సహచర బౌలర్ అనిల్ కుంబ్లే ఒకే ఇన్నింగ్స్‌లో పదో వికెట్ కోసం ఎదురుచూస్తుంటే, తనకు వికెట్ దక్కకూడదని శ్రీనాథ్ బంతుల్ని కావాలనే స్టంప్‌లకు దూరంగా వేశాడు. అంకెల్లో కనిపించని ఔదార్యం అది.

67 టెస్టుల్లో 236, 229 వన్డేల్లో 315 వికెట్లు ఇతడి ఖాతాలో ఉన్నాయి. వన్డేల్లో 300 దాటిన తొలి భారత పేసర్ ఇతడే. 2002లో టెస్టులకు వీడ్కోలు పలికినా, కెప్టెన్ సౌరవ్ గంగూలీ ఒత్తిడిపై తిరిగొచ్చి 2003 ప్రపంచకప్‌లో 16 వికెట్లు తీశాడు. ఫైనల్లో మాత్రం ఆస్ట్రేలియా ఇతడి 10 ఓవర్లలో 87 పరుగులు పిండుకుంది. 2006 నుంచి ఐసీసీ మ్యాచ్ రిఫరీగా పనిచేస్తున్నాడు.