ఒక పని జరుగుతుండగా మరో పని: కొరియన్ ప్రత్యయాలకు తెలుగు వ్యాఖ్య

అవతారిక

హైదరాబాద్ కోఠి పుస్తకాల దుకాణాల్లో కొరియన్ నేర్పే పుస్తకం అడిగితే చేతికొచ్చేది సాధారణంగా ఇంగ్లిష్‌లో రాసిందే. అశోక్‌నగర్, చిక్కడపల్లి గదుల్లో ఉండి చదువుకునే తెలుగు విద్యార్థి ఆ పుస్తకం పట్టుకుని కొరియన్ వాక్యాన్ని ముందు ఇంగ్లిష్‌లోకి, తర్వాత తెలుగులోకి మార్చుకుంటాడు. ఆ మధ్య మజిలీ అక్కర్లేదు. రెండు పనులు ఒకే కాలంలో జరిగే సందర్భంలో ఇంగ్లిష్ ‘వైల్’, ‘వెన్’లతో చాలావరకు సరిపెట్టుకుంటుంది. తెలుగు, కొరియన్ మాత్రం ఆ సందర్భాన్ని క్రియ చివర చేరే ప్రత్యయాలతో, ఇంచుమించు ఒకే తీరుగా విడదీస్తాయి.

ఈ పోలిక కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. సియోల్‌లో ఉపాధ్యాయుడిగా పనిచేసిన అమెరికన్ హోమర్ హల్బర్ట్ 1905లోనే కొరియన్‌నూ ద్రావిడ భాషలనూ పోలుస్తూ వ్యాకరణం రాశాడు. రెండింటికీ మూలం ఒకటేనన్న వాదాన్ని నేటి భాషావేత్తలు ఒప్పుకోరు. అయినా వాక్యం అల్లికలో పోలిక కాదనలేనిది. రెండు భాషల్లోనూ క్రియ చివరికే వస్తుంది, కాలం ఎక్కువగా ఆ చివరి క్రియ మీదే తేలుతుంది.

1. -మ్యొన్‌సొ

అర్థం: -తూ. మన వ్యాకరణం శత్రర్థకమని పిలిచేది ఇదే.

ప్రయోగం: ‘ఉమగుల్ దురుమ్యొన్‌సొ కొరొయొ’: పాటలు వింటూ నడుస్తున్నాను.

వివరణ: ధాతువు అచ్చుతో ముగిస్తే -మ్యొన్‌సొ నేరుగా చేరుతుంది: కా (వెళ్ళు) నుంచి కామ్యొన్‌సొ. హల్లుతో ముగిస్తే మధ్యలో ఉకారం వస్తుంది: మొక్ (తిను) నుంచి మొగుమ్యొన్‌సొ. చివర లకారం ఉంటే ఆ ఉకారం రాదు. హల్లు పక్కన ఉకారం చేర్చడం మనకు కొత్త కాదు. మనం ‘బస్సు’ అన్నట్టే వాళ్ళు ‘బొసు’ అంటారు.

ముఖ్యమైన నియమం: రెండు పనులకూ కర్త ఒక్కరే కావాలి. ‘నేను చదువుతూ తమ్ముడు టీవీ చూశాడు’ అని తెలుగువాళ్ళెవరూ అనరు. కొరియన్‌లోనూ అది తప్పే. కాలమూ అంతే. ‘వింటూ నడిచాను’లో ‘వింటూ’ మారనట్టే, ‘దురుమ్యొన్‌సొ కొరొస్సొయొ’లో మొదటి మాట మారదు. భూతకాల చిహ్నం చివరి క్రియకే.

విశేషం: దీనికి ‘దో’ చేరిస్తే విరోధం పలుకుతుంది. ‘అల్‌మ్యొన్‌సొదో’ అంటే ‘తెలిసి కూడా’. ఇక్కడ దారులు కాస్త వేరవుతాయి. వాళ్ళు -తూ లాంటి రూపాన్నే వాడితే, మనం ‘తెలిసి’ అనే క్త్వార్థకానికి మారతాం. అలాగే నామవాచకం మీద ‘హక్సెంగిమ్యొన్‌సొ’ అని వాళ్ళు నేరుగా అనేస్తే, మనకు ‘ఉండు’ సాయం కావాలి: ‘విద్యార్థిగా ఉంటూ’.

2. -మ్యొ

అర్థం: -చు.

వివరణ: ఇది వార్తల్లో, వ్యాసాల్లో ఎక్కువగా కనిపించే రూపం. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) చెప్పిన ‘చదువుచు’కూ, మనం మాట్లాడే ‘చదువుతూ’కూ ఉన్న తేడా -మ్యొ, -మ్యొన్‌సొల మధ్యా కొంతవరకు ఉంది. ఒక్క తేడా మరవకూడదు: -మ్యొ వేర్వేరు కర్తలున్న వాక్యాలను కూడా ‘మరియు’ అన్న అర్థంలో కలుపుతుంది.

3. -నున్ దోంగాన్

అర్థం: -తున్నంతసేపు, -తుండగా.

ప్రయోగం: ‘ఒమ్మగా ఇల్‌హానున్ దోంగాన్’: అమ్మ పనిచేస్తున్నంతసేపు.

వివరణ: కర్తలు ఇద్దరైతే -మ్యొన్‌సొ పనికిరాదు, ఇది కావాలి. ‘దోంగాన్’ వ్యవధిని చెప్పే నామవాచకం. దాని ముందు క్రియ విశేషణ రూపంలో నిలుస్తుంది, మన ‘చేస్తున్న’ ‘అంతసేపు’ ముందు నిలిచినట్టే. నామవాచకం తర్వాత కూడా ఇది వస్తుంది. ‘హన్ దల్ దోంగాన్’ అంటే ‘నెల రోజులపాటు’.

4. -దగా

అర్థం: చేస్తూ చేస్తూ మధ్యలో.

ప్రయోగం: ‘చెగుల్ ఇక్తగా జామ్‌దురొస్సొయొ’: పుస్తకం చదువుతూ చదువుతూ నిద్రపోయాను.

వివరణ: ఇంగ్లిష్ ద్వారా వచ్చేవాళ్ళు ఎక్కువగా తడబడేది ఇక్కడే. -మ్యొన్‌సొలో రెండు పనులూ కలిసి సాగుతాయి. -దగాలో మొదటి పని ఆగి రెండోదానికి చోటిస్తుంది, లేదా సాగుతున్న పనిలోకి మరోటి వచ్చిపడుతుంది. ‘కోఠి నుంచి నారాయణగూడకు నడుస్తూ ఫోన్ మాట్లాడాను’ అంటే -మ్యొన్‌సొ. ‘నడుస్తుంటే దారిలో పాత స్నేహితుడు కలిశాడు’ అంటే -దగా. మన ‘వస్తూ వస్తూ పాలు తెచ్చాడు’లో ఆ జంట ప్రయోగం చెప్పేదీ ఇదే. ‘వస్తూ’ అని ఒక్కసారంటే ఆ మధ్యలో ఆగడం అంత తేటగా వినిపించదు.

విశేషం: ముందు భూతకాల చిహ్నం చేరితే అర్థం మారుతుంది. అప్పుడు మొదటి పని పూర్తయి, దాని తర్వాత మరోటి, తరచు దానికి ఎదురుగా నడిచేది, జరుగుతుంది. ‘కత్తగా’ అంటే వెళ్ళి, ఆ తర్వాత తిరిగి. ఇంట్లోంచి బయల్దేరుతూ కొరియన్లు ‘కత్తా ఒల్‌కెయొ’ అంటారు. అక్షరాలా మన ‘వెళ్ళొస్తాను’. ఒట్టి ‘వెళ్తాను’ అనకుండా రాకను కూడా మాటలో కలిపే మర్యాద రెండు చోట్లా ఉంది.

5. -ల్ త్తె

అర్థం: -ఏటప్పుడు, భూతకాలంలో -ఇనప్పుడు.

వివరణ: ‘కల్ త్తె’ వెళ్ళేటప్పుడు, ‘కస్సుల్ త్తె’ వెళ్ళినప్పుడు. ‘కొరియా వెళ్ళేటప్పుడు బ్యాగు కొన్నాను’ అంటే బయల్దేరేముందో, దారిలోనో కొన్నట్టు. ‘వెళ్ళినప్పుడు కొన్నాను’ అంటే అక్కడ కొన్నట్టు. ఈ తేడాను కొరియన్ పాఠాల్లో ప్రత్యేకంగా వివరిస్తారు. తెలుగు విద్యార్థి దాన్ని మాటలొచ్చిన నాటి నుంచీ వాడుతూనే ఉన్నాడు.

6. -జమాజ, జుంగ్

‘చిబె ఓజమాజ’ అంటే ‘ఇంటికి రాగానే’. ఇందులో పనులు కలిసి సాగవు, ఒకటి ముగిసిన వెంటనే రెండోది మొదలవుతుంది. ‘జుంగ్’ చైనా భాష నుంచి వచ్చిన ‘మధ్య’ అనే మాట. తవ్విన రోడ్డు దగ్గర బోర్డు మీద ‘కోంగ్సా జుంగ్’ అని ఉంటే పనులు జరుగుతున్నాయని అర్థం.

సాధకులకు

పెనుకొండ దగ్గర 2019లో కొరియా సంస్థ కియా కార్ల తయారీ మొదలయ్యాక కొరియన్ మన రాష్ట్రాల్లో కొలువుల భాష కూడా అయింది. 2020 జాతీయ విద్యా విధానం బడి పిల్లలు ఎంచుకోదగ్గ విదేశీ భాషల్లో దాన్ని చేర్చింది. కాబట్టి మనకు తెలుగు మాధ్యమంలోనే కొరియన్ వ్యాకరణం రావాలి.

అది వచ్చేలోగా ఒక పద్ధతి పాటించవచ్చు. ముందు వాక్యాన్ని తెలుగులోనే తయారుచేసుకుని మూడు ప్రశ్నలు వేసుకోవాలి. కర్త ఒక్కరేనా? అయితే -మ్యొన్‌సొ, కాకపోతే దోంగాన్. మొదటి పని మధ్యలో ఆగిందా? అయితే -దగా. చెప్పదలచుకున్నది ఒక సమయాన్నేనా? అయితే త్తె. ఉచ్చారణకు తెలుగు లిపి ఉజ్జాయింపు మాత్రమే. 1446లో సెజోంగ్ రాజు ప్రకటించిన హంగుల్ లిపిని మొదటి వారంలోనే నేర్చుకోవడం మంచిది. లిపి కొత్తదే, కానీ ఆ ప్రశ్నలకు జవాబు చెప్పే జ్ఞానం మాత్రం మన తెలుగులోనే ఉంది.