తడి కాయితం, పొడి మిషన్

జిరాక్స్ చరిత్ర ఎక్కడ చదివినా 1938 అక్టోబరు 22నే మొదలవుతుంది. న్యూయార్క్‌లోని ఆస్టోరియాలో ఒక అద్దె గది. చెస్టర్ కార్ల్‌సన్, ఆయన సహాయకుడు ఒట్టో కోర్నై గంధకం పూసిన జింకు రేకుని గుడ్డతో రుద్ది విద్యుదావేశం తెప్పించారు. అక్షరాలు రాసిన గాజుపలకని దానిమీద పెట్టి దీపం వెలుతురు పడనిచ్చారు, పొడి చల్లారు. పొడి అక్షరాల ఆకారంలో నిలబడింది. తర్వాత 1959లో 914 అనే మిషన్ వచ్చింది, మనదేశంలో 1983లో మోదీ జిరాక్స్ వచ్చింది. ఒక కంపెనీ పేరు కాస్తా 'రెండు జిరాక్సులు తియ్యన్నా' దాకా దిగివచ్చింది. కథ అయిపోయింది.

నాకు పేచీ ఇక్కడే. ఈ చరిత్రలో కనిపెట్టినవాళ్లున్నారు, అమ్మినవాళ్లున్నారు. మిషన్ ఆగిపోకుండా చూసినవాళ్లు లేరు.

ఆ గదిలో జరిగిందంతా స్థిర విద్యుత్ మహిమ. ఇవాళ్టి లేజర్ ప్రింటరూ దాని మీదే బతుకుతోంది. దానికి తేమ పడదు. అంతకుముందున్న సైక్లోస్టైల్‌ది సిరా వ్యవహారం. చేతులు నల్లబడేవి గానీ గాలిలో చెమ్మకి అది ఇంతగా బెదిరేది కాదు.

ఇప్పుడు ఈ మిషన్‌ని తెచ్చి నెల్లూరులో పెట్టండి. ఏడాది వానలో సగానికి పైగా మాకు అక్టోబరు, డిసెంబరు మధ్యలోనే పడుతుంది. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలుకట్ట కొట్టుకుపోయింది, హైవే తెగింది. అలాంటి వరద తర్వాత పంటనష్టం రాయించుకోవాలంటే పాసుపుస్తకం, ఆధార్, బ్యాంకు పుస్తకం, అన్నిటికీ నకళ్లు కావాలి. అంటే ఏ వానకి మిషన్ మొరాయిస్తుందో, ఆ వానే జనాన్ని దాని ముందుకి తోలుతుంది. అక్కడ ఒక కాపీ మాసిపోతే ఒక రైతు మళ్లీ వరసలో నిలబడాలి.

ట్రంకురోడ్డు వైపు ఒక షాపులో, ఓ ముసురు రోజు, మెకానిక్ పనిచేస్తుంటే గంటసేపు చూశాను. షాపాయన మిషన్‌ని తిడుతున్నాడు. "తప్పు మిషన్‌ది కాదన్నా, కాయితానిది. రాత్రి కట్ట విప్పి వదిలేసుంటావు" అన్నాడతను. ఇంజనీరింగ్ చదివిన నాకు విషయం అప్పుడెక్కింది. డ్రమ్ము మీది టోనరు కాయితం మీదికి దూకాలంటే కాయితం వెనకవైపు ఆవేశం నిలవాలి. చెమ్మ పట్టిన కాయితంలోంచి అది జారిపోతుంది, అక్షరం పాలిపోతుంది. తర్వాత వేడి రోలర్ల మధ్యకి వెళ్లేసరికి తడి ఆవిరై కాయితం వంకర తిరుగుతుంది, ఇరుక్కుంటుంది. మనం జామ్ అయిందంటాం. అతను ట్రేలో కాయితం తీసేసి కొత్త కట్ట విప్పాడు. విప్పింది విప్పినంతా వాడెయ్యాలట, మిగిలితే కవర్లో చుట్టి పెట్టాలట. కొన్ని మిషన్లలో కాయితం ట్రే కింద చిన్న హీటరు ఉంటుంది. ప్లగ్గులో కరెంటుంటే రాత్రంతా అది వెచ్చగా ఉంచుతుంది. మన ఆఫీసుల్లో సాయంత్రం వాచ్‌మన్ చేసే మొదటిపని మెయిన్ ఆపడం! అతను ప్లగ్గు పక్కన ప్లాస్టరు ముక్క అంటించి 'ఆపొద్దు' అని స్కెచ్‌పెన్నుతో రాసి వెళ్తాడట.

ఇలాంటి మనుషుల గురించి ఒకాయన నిజంగానే పుస్తకం రాశాడు. జూలియన్ ఆర్ అనే మానవశాస్త్రవేత్త 1980లలో జిరాక్స్ టెక్నీషియన్ల వెంట తిరిగాడు. 1996లో 'టాకింగ్ అబౌట్ మెషీన్స్' అచ్చయింది. ఆయన చూసిందేమిటంటే, మాన్యువల్ ఆగిపోయిన చోట వీళ్లు కథలు చెప్పుకుంటారు. భోజనాల దగ్గర, టీల దగ్గర, ఫలానా మిషన్ ఫలానాచోట ఎలా ఏడిపించిందో చెప్పుకుంటూ చెప్పుకుంటూ మర్మం పట్టేస్తారు. మా సాఫ్ట్‌వేర్లో రాత్రి రెండింటికి సర్వర్ పడిపోయినప్పుడు జరిగేదీ అదే, కాకపోతే మేం దానికి ఒక డాక్యుమెంటు రాసుకుంటాం. అమెరికా టెక్నీషియన్లకి ఒక ఆర్ దొరికాడు. నెల్లూరు వాళ్లు చెప్పేది టీకొట్టు దాటి రావడం లేదు.

కొత్త మిషన్లు తెర మీద కోడ్ చూపిస్తాయి, నిజమే. అది ఎక్కడ ఇరుక్కుందో చెబుతుంది. కట్ట ఎప్పుడు విప్పారో చెప్పదు.

మార్చి నెలాఖరు బిల్లుల హడావుడి గురించి కూడా అడిగాను. అప్పుడు గాలి పొడి కదా, సుఖమేనా అని. నవ్వాడు. పొడిగాలికి కాయితాలు ఒకదానికొకటి అతుక్కుని రెండేసి వెళ్తాయట, రోలర్ల మీద దుమ్ము పేరుకుంటుందట. "అది వేరే కథ సార్, ఎండాకాలం రండి" అన్నాడు.