పసుపు దీపము ఎందుకు పుట్టినది?

విశాఖపట్నములోని గాజువాక కూడలివద్ద కొంతసేపు నిలిచి చూడుడు. ఉక్కు కడ్డీల లారీ, ట్రైలరు, బస్సు, మోటారు సైకిలు ఒకే బాటను పంచుకొనుచుండును. ఈ నగరమున 1933లో ఓడరేవు తెరువబడినది. 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది. రెండింటితోను బాటలపై బరువు బండ్లు పెరిగినవి. ఇట్టి కూడలిలో పసుపు దీపము వెలిగినంతనే కొందరు వేగము పెంచుదురు. కాని ఆ దీపము పుట్టినది త్వరపెట్టుటకు కాదు.

కూడలికి సంకేతములను తెచ్చినది రైలుమార్గముల అనుభవమే. 1868 డిసెంబరులో లండను పార్లమెంటు భవనము చెంత జె. పి. నైట్ అను రైల్వే ఇంజనీరు రూపొందించిన స్తంభమును నిలిపిరి. పగలు దాని చేతులు, రాత్రి ఎరుపు, ఆకుపచ్చ గ్యాసు దీపములు ఆజ్ఞ తెలిపెడివి. మరుసటి నెలలోనే గ్యాసు ప్రేలి, దానిని నడుపు పోలీసు గాయపడెను. 1914లో అమెరికాలోని క్లీవ్‌లాండు నగరమున విద్యుద్దీపములు వచ్చినవి. అవియు రెండు రంగులవే. రంగు మారునని తెలుపుటకు బజరు మ్రోగెడిది. 1920లో డెట్రాయిట్ పోలీసు అధికారి విలియం పాట్స్ ఆ రెంటి నడుమ పసుపును చేర్చెను.

నడుమ దీపము అవసరమేమి? కదలుచున్న బండి తలచినంతనే ఆగదు. గంటకు 36 కిలోమీటర్ల వేగమనగా సెకండుకు 10 మీటర్లు. దీపమును చూచి బ్రేకు త్రొక్కులోపల 1 సెకండు గడచినచో 10 మీటర్లు పోవును. పిదప వేగము ప్రతి సెకండునకు 5 మీటర్ల చొప్పున తగ్గినచో మరి 10 మీటర్లు; మొత్తము 20. బరువు లారీ వేగము అందులో సగము చొప్పుననే తగ్గినదనుకొనుడు. అప్పుడు మొత్తము 30 మీటర్లు. వేగము రెట్టింపైనచో బ్రేకు దూరము నాలుగు రెట్లగును.

కావున గీతకు 15 మీటర్ల దూరములో ఉండగా హఠాత్తుగా ఎరుపు వెలిగినచో, ఎంతటి విధేయుడైనను గీతలోపల ఆగలేడు. 1960లో గాజిస్, హెర్మన్, మరదూడిన్ అను శాస్త్రజ్ఞులు దీనినే గణితముతో నిరూపించిరి: పసుపు వ్యవధి చాలనిచో, ఆగుటకును దాటుటకును వీలులేని చోటు బాటపై ఏర్పడును. పసుపు వెలిగినప్పుడు ఆగవలెననియు, క్షేమముగా ఆగలేనంత చేరువలో ఉన్నవారు మాత్రమే దాటవచ్చుననియు 1968 నాటి వియన్నా ఒడంబడిక నిర్ణయించినది.

విద్యార్థులు పాఠశాల మైదానమున 20, 30 మీటర్లు కొలిచి గీతలు గీసి చూడవలెను. లారీ ముందు కనబడు ఖాళీ వట్టి ఖాళీ కాదు. అది లారీ ఆగుటకు కావలసిన చోటు. మోటారు సైకిలుతో అందులో దూరువాడు తన ప్రాణరక్షణకున్న దూరమునే తగ్గించుకొనుచున్నాడు.